పదిలో గట్టెక్కి ఇంటర్‌లో ఆగిపోతున్నారు

2024 మార్చిలో తెలంగాణలో పదో తరగతి పరీక్షలు రాసిన పిల్లల్లో 91.31 శాతం మంది పాసయ్యారు. వాళ్లలో ఎక్కువమంది ఆ వేసవి దాటగానే ఇంటర్‌లో చేరి, 2025 మార్చిలో ఫస్టియర్ పరీక్షలు రాశారు. ఈసారి పాసైనవాళ్లు సుమారు మూడింట రెండు వంతులే. అంతకు ముందు బ్యాచ్‌దీ ఇదే కథ. 2023లో పది ఉత్తీర్ణత 86.60 శాతం. మరుసటి ఏడాది ఇంటర్ ఫస్టియర్ రాసిన 4,78,723 మందిలో 2,87,261 మంది మాత్రమే గట్టెక్కారు. అంటే 60.01 శాతం.

పైకి చూస్తే 91 నుంచి 66కి పడిపోయినట్టు కనిపిస్తుంది. అసలు తేడా అంతకన్నా పెద్దది. ఇంటర్ పరీక్ష రాసే ప్రతి ఒక్కరూ అప్పటికే పది పాసైనవాళ్లు. కాబట్టి పోల్చాల్సింది 91తో కాదు, నూటికి నూరుతో. పది దాటి వచ్చిన ప్రతి వంద మందిలో ముప్పై నలుగురో నలభై మందో ఒక్క ఏడాదిలో తడబడ్డారు. పాలిటెక్నిక్‌కీ ఐటీఐకీ కొందరు వెళ్లిపోతారు, సప్లిమెంటరీలో కొందరు మళ్లీ పాసవుతారు, ఇంటర్ పేపర్లు కష్టంగానే ఉంటాయి. ఇవన్నీ నిజమే. అయినా ఇన్ని వేల మంది పిల్లలు ఒకే మెట్టు మీద జారుతున్నారంటే, ఆ మెట్టు దగ్గర ఏం లేదో చూడాలి.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఆ చూపుకు మంచి చోట్లు. మొదటి రెండూ హైదరాబాద్–విజయవాడ రహదారి మీది పట్టణాలు. మూడోది సాగర్ ఎడమ కాలువ నీళ్లతో ఎదిగిన రైస్ మిల్లుల ఊరు. చుట్టూ వరి పొలాలు, వాటి మధ్య తండాలు, ఎస్సీ కాలనీలు. నాట్లకూ కలుపుకూ కైకిలి పోయే అమ్మలు, మిల్లుల్లో బస్తాలు మోసే నాన్నలు. ఈ మూడూ ఉన్న ఉమ్మడి నల్గొండ జిల్లా అక్షరాస్యత 2011 జనగణనలో 64.20 శాతం. మగవాళ్లలో 74.10, ఆడవాళ్లలో 54.19. ఇవి ఏడేళ్లు దాటిన వాళ్లందరినీ కలిపిన లెక్కలు. కొత్త తరం తల్లులు వీటికంటే మెరుగ్గానే ఉంటారు. కానీ అక్షరాలు వచ్చిన తల్లికి త్రికోణమితి వచ్చి ఉండాలని లేదు. రాత్రి పూట పుస్తకం ముందేసుకున్న పిల్లకు "ఇది ఎట్ల చెయ్యాలె?" అని అడగడానికి ఇంట్లో మనిషి ఉండరు. డబ్బున్న ఇంట్లో ఆ ఖాళీని ట్యూషన్ పూడుస్తుంది.

ఆ ట్యూషన్ ఎంత విస్తరించిందో కేంద్ర గణాంక శాఖ 2025 విద్యా సర్వే చెప్పింది. దేశంలో 27 శాతం మంది విద్యార్థులు ఆ ఏడాది ప్రైవేటు కోచింగ్ తీసుకుంటున్నారు, లేదా అప్పటికే తీసుకున్నారు. పట్టణాల్లో 30.7, పల్లెల్లో 25.5 శాతం. ఇంటర్ స్థాయిలో ఒక్కో విద్యార్థి మీద కోచింగ్‌కు పెట్టే సగటు ఖర్చు పల్లెల్లో ఏడాదికి 4,548 రూపాయలు, పట్టణాల్లో 9,950. అసలు కోచింగ్‌కే వెళ్లని పిల్లలను కూడా కలిపి తీసిన సగటు ఇది. వెళ్లేవాళ్ల జేబు ఖర్చు దీనికంటే ఎక్కువే. దీని పక్కన కూలి ఇంటి రాబడి పెట్టి చూడండి: తెలంగాణలో 2025–26 ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు.

పదికి ఇచ్చేది, ఇంటర్‌లో తీసేసేది

మన ప్రభుత్వ బడిలో పదో తరగతి పిల్లకు ఒక రకమైన ఉచిత ట్యూషన్ ఉంది. దాన్ని ప్రత్యేక తరగతులు అంటాం. పొద్దున బడికి ముందు, సాయంత్రం బడి తర్వాత, పరీక్షలు దగ్గరపడేకొద్దీ రోజూ. స్లిప్ టెస్టులు, వెనకబడినవాళ్లకు విడిగా పాఠాలు, ఇంటికి ఫోన్లు. చీకటి పడేదాకా ఆకలితో కూర్చోబెట్టకూడదని 2025లో ఫిబ్రవరి మొదటి తేదీ నుంచి మార్చి 20 దాకా 38 రోజులు సాయంత్రం స్నాక్స్ కూడా పెట్టారు. ఒక్కొక్కరికి రోజుకు 15 రూపాయలు. పల్లీలూ బెల్లం, ఉడికించిన పెసలు, ఉల్లి పకోడీ. మొత్తం కలిపితే పిల్లకు 570 రూపాయలు. రాష్ట్ర బడ్జెట్‌లో కంటికి ఆనని మొత్తం ఇది. కానీ మధ్యాహ్నం తిన్నది అరిగిపోయాక లెక్కల పాఠం వినే పిల్లకు ఆ గుప్పెడు పల్లీలు ఎంత పనిచేస్తాయో ఏ హైస్కూల్ సారును అడిగినా చెబుతారు.

అదే పిల్ల జూన్‌లో సర్కారు జూనియర్ కాలేజీకి వెళ్తుంది. ఫీజు లేదు, అది పెద్ద మేలు. 2024–25లో మధ్యాహ్న భోజనం మాత్రం లేదు. ఎనిమిదో తరగతి దాకా కేంద్ర పథకం, తొమ్మిది, పది తరగతులకు రాష్ట్రం తన డబ్బుతో పెడుతుంది. జూనియర్ కాలేజీలకూ పెడతామన్న ప్రకటన 2020లోనే వచ్చింది. 2025 మార్చిలో పరీక్ష రాసిన పిల్లలు ఆ అన్నం తినకుండానే రాశారు. ఊరి బడిలో ఇంటి పేరుతో సహా తెలిసిన సార్లు ఇక్కడ ఉండరు. ఒక్కో సబ్జెక్టుకు ఒక లెక్చరర్, తరగతిలో పది బడుల నుంచి వచ్చిన పిల్లలు. ఆడపిల్లలకు 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం కావడం వల్ల దూరం కొంత తగ్గింది. బస్సు తప్పితే సాయంత్రం క్లాసు పోతుందన్న భయం తగ్గలేదు.

ఇక పేపర్లు. పదిలో లెక్కలకు 80 మార్కుల రాత పరీక్ష, 20 మార్కుల ఇంటర్నల్స్. రాతలో 80కి 28 వస్తే చాలు. ఎంపీసీలో చేరితే ఆ ఒక్క లెక్కల పేపరు ఏ, బీ అని రెండవుతుంది. ఒక్కొక్కటి 75 మార్కులు, ఇంటర్నల్స్ లేవు, ప్రతి దాంట్లో 26 రావాలి. ఫిజిక్స్, కెమిస్ట్రీ 60 చొప్పున, ఒక్కోదాంట్లో 21 రావాలి. పదిలో నాలుగు ముఖ్యమైన పాఠాలు పట్టుకుని దాటిన పిల్లకు ఈ రెండు లెక్కల పేపర్లు గోడలా నిలబడతాయి. దీనికి భాష కూడా తోడైంది. 2022–23 నుంచి ప్రభుత్వ బడుల్లో 1 నుంచి 8 తరగతుల్లో ఇంగ్లిష్ మీడియం వచ్చింది. ఆ ఏడాది ఎనిమిదిలో ఉన్న పిల్లలే 2025లో పది రాశారు. అప్పటిదాకా తెలుగులో చదివి మూడేళ్లలో ఇంగ్లిష్‌కు మారినవాళ్లు ఇంటర్‌లో ఫిజిక్స్ పుస్తకం తెరిచినప్పుడు ఒకేసారి రెండు సబ్జెక్టులు నేర్చుకుంటున్నట్టే.

సూర్యాపేటలో 2019లో 150 సీట్లతో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. ఆ భవనం ముందు నుంచి బస్సులో వెళ్లే పిల్లల్లో డాక్టర్ కావాలని అనుకోనివాళ్లు తక్కువే ఉంటారు. నీట్ ర్యాంకు సంగతి తర్వాత. ముందు బైపీసీ ఫస్టియర్ దాటాలి.

ట్యూషన్ ఎంత పని చేస్తుంది?

ఈ ప్రశ్నకు మన దేశంలోనే గట్టి కొలతలున్నాయి. 2001 నుంచి 2003 దాకా వడోదర, ముంబయి మున్సిపల్ బడుల్లో ప్రథమ్ సంస్థ ఒక ప్రయత్నం చేసింది. చదువులో వెనకబడిన 15–20 మంది పిల్లలను రోజూ రెండు గంటలు విడిగా కూర్చోబెట్టి, అదే బస్తీలో ఉండే, హైస్కూల్ చదువు పూర్తిచేసిన అమ్మాయితో పాఠాలు చెప్పించారు. ఆమెను బాలసఖి అన్నారు. ఇచ్చింది నెలకు 500 నుంచి 750 రూపాయలే. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, సహచరులు దీన్ని కొలిచి 2007లో ప్రచురించారు. ఆ ఇద్దరికీ 2019లో ఆర్థిక శాస్త్ర నోబెల్ వచ్చింది.

రెండో ఏడాది చివరికి బాలసఖి ఉన్న బడుల పిల్లల మార్కులు సగటున 0.28 ప్రామాణిక విచలనం మేర పెరిగాయి. ఈ కొలత అర్థం కావాలంటే వంద మంది పిల్లలను మార్కుల వరుసలో నిలబెట్టినట్టు ఊహించండి. సరిగ్గా మధ్యలో ఉన్న పిల్ల 50వ చోటు నుంచి సుమారు 61వ చోటికి, అంటే పదకొండు మందిని దాటి పైకి వెళ్లినట్టు. పెరుగుదలలో ఎక్కువ భాగం అట్టడుగున ఉన్నవాళ్లదే.

ఆ అధ్యయనంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఆ తర్వాతి అంకె. కార్యక్రమం ఆగిన ఏడాదికి పిల్లలను మళ్లీ పరీక్షిస్తే, 0.28 కాస్తా సుమారు 0.10కి దిగింది. 61వ చోటు నుంచి 54కి. ఆసరా తీసేస్తే లాభంలో మూడింట రెండు వంతులు ఒక్క ఏడాదిలో కరిగిపోయింది. పదో తరగతి మార్చిలో ప్రత్యేక తరగతులు ఆపేసి, మరుసటి మార్చిలో ఇంటర్ ఫలితాలు చూసి ఆశ్చర్యపోయే మనకు ఈ లెక్క ఇరవై ఏళ్ల కిందటే జవాబు చెప్పింది.

ఇంకో కొలత ఢిల్లీది. కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెజాండ్రో గనిమియన్ 2019లో ప్రచురించిన అధ్యయనంలో, పేద ఇళ్ల పిల్లలు ఆరో తరగతిలోనే లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనక ఉన్నారు. తొమ్మిదికి వచ్చేసరికి ఆ వెనకబాటు నాలుగున్నర తరగతులైంది. తొమ్మిదో తరగతి పుస్తకం చేతిలో ఉన్న పిల్ల నిజంగా ఉన్నది నాలుగు, అయిదు తరగతుల మధ్య. ఆ పిల్లలకు రోజుకు 90 నిమిషాలు, సగం సేపు ఎవరి స్థాయికి తగ్గ లెక్కలు వాళ్లకిచ్చే కంప్యూటర్ పాఠాలు, సగం సేపు చిన్న గుంపులో మనిషి బోధన ఇచ్చారు. నాలుగున్నర నెలల్లోనే లెక్కల మార్కులు 0.37 పెరిగాయి. ఇక్కడ పని చేసింది ఎక్కువ గంటలు ఒక్కటే కాదు. పిల్ల ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి మొదలుపెట్టడం. మనం పదో తరగతిలో ఇచ్చే ప్రత్యేక తరగతులు దాదాపు ఎప్పుడూ పరీక్ష పేపరు నుంచి మొదలవుతాయి. అందుకే పాస్ చేయిస్తాయి, పునాది మాత్రం వేయవు. ఇది టీచర్లను తప్పుబట్టే మాట కాదు. మార్చి ముంచుకొస్తుంటే భిన్నాలు మళ్లీ మొదటి నుంచి చెప్పే తీరిక వాళ్లకెక్కడిది?

సంపన్న దేశాల్లో జరిగిన 96 ప్రయోగాలను కలిపి 2020లో చూసిన ఒక సమీక్షలోనూ ట్యూషన్ సగటు ప్రభావం 0.37గా తేలింది. వారానికి మూడు రోజులకు తగ్గకుండా, బడి సమయంలో, శిక్షణ పొందిన మనిషి చెప్పినప్పుడు ఫలితం బలంగా ఉంది. అడపాదడపా వచ్చే స్వచ్ఛంద కార్యకర్తలతో తక్కువగా ఉంది. ఆదివారం పూట వచ్చి నోటుపుస్తకాలు పంచి ఫొటో దిగి వెళ్లే సేవ ఎంత మంచి మనసుతో చేసినా, ఈ లెక్కల్లో దాని వాటా చిన్నది.

మన రాష్ట్రంలో ఈ ఆలోచన లేకపోలేదు. చదవడం, లెక్కలు వెనకబడిన పిల్లల కోసం 1–5 తరగతులకు 2022 ఆగస్టు 15న తొలిమెట్టు మొదలైంది. 6–9 తరగతులకు ఆ తర్వాతి ఏడాది ఉన్నతి వచ్చింది. పదికి ప్రత్యేక తరగతులున్నాయి. వరుసగా చదివితే ఒకటి నుంచి పది దాకా ఏదో ఒక పేరుతో ఆసరా కనిపిస్తుంది. ఇంటర్ ఫస్టియర్‌కు వచ్చేసరికి ఆ జాబితా ఖాళీ.

గురుకులం ఏం చూపింది

ఆసరా తెగకుండా ఇస్తే ఏమవుతుందో ఈ జిల్లాకు యాభై ఏళ్లుగా తెలుసు. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1971 నవంబరు 23న ఉమ్మడి నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదటి గురుకుల పాఠశాల తెరిచారు. మాజీ డీజీపీ ఎం. మహేందర్ రెడ్డి, మాజీ ఐఏఎస్ అధికారి బుర్రా వెంకటేశం అక్కడ చదివినవాళ్లే. ఆ ఒక్క బడి నుంచి సాగిన దారిలో నేడు సాంఘిక సంక్షేమ గురుకులాల సొసైటీ ఒక్కటే 268 విద్యాసంస్థలు నడుపుతోంది. వాటిలో 30 మహిళా డిగ్రీ కళాశాలలు, అందులో ఒకటి సూర్యాపేటది.

2024 పది ఫలితాల్లో గురుకులాల ఉత్తీర్ణత 98 శాతం దాటింది. ఈ అంకెను చూసి మామూలు బడిని తక్కువ చేయకూడదు. గురుకులంలో అయిదో తరగతికి రావాలంటే నూరు మార్కుల ప్రవేశ పరీక్ష రాయాలి: తెలుగు 20, ఇంగ్లిష్ 25, లెక్కలు 25, పరిసరాల విజ్ఞానం 20, మెంటల్ ఎబిలిటీ 10. అంటే కొంత వడపోత ముందే జరిగింది. అయినా గురుకులం ఇచ్చే అసలు సరుకు సమయం. పొద్దున, సాయంత్రం కలిపి స్టడీ అవర్ రెండు గంటలే అనుకుందాం. ఏడాదికి 200 రోజుల చొప్పున అయిదు నుంచి పది దాకా ఆరేళ్లలో 2,400 గంటలు. పక్కనే డ్యూటీ టీచర్. డే స్కాలర్‌కు స్నాక్స్ పెట్టిన ఆ 38 రోజుల్లో రోజుకు రెండేసి గంటలు వేసుకుంటే వచ్చేది 76. దీన్ని ఎంత ఉదారంగా రెట్టింపు చేసినా, మూడింతలు చేసినా గురుకులం దరిదాపులకు రాదు. అందరికీ గురుకులం సీటు రాదు, అందరూ పిల్లలను అంత చిన్నప్పుడే దూరం పంపలేరు. కానీ గురుకులంలోని ఆ సాయంత్రాన్ని డే స్కాలర్‌కు ఎందుకు ఇవ్వలేం?

నెలకు వెయ్యి

డే స్కాలర్ కోసమే పెట్టిన పథకం ఒకటుంది. తెలిసినవాళ్లు తక్కువ. నేషనల్ మీన్స్ కం మెరిట్ స్కాలర్‌షిప్, పిల్లల నోట ఎన్ఎంఎంఎస్. 2008లో మొదలైంది. దేశం మొత్తానికి ఏడాదికి లక్ష. అందులో తెలంగాణ వాటా 2,921. జిల్లాకు సగటున 88. ఎంపికైన పిల్లకు తొమ్మిది నుంచి ఇంటర్ సెకండియర్ దాకా ఏడాదికి 12,000 చొప్పున నాలుగేళ్లకు 48,000 రూపాయలు నేరుగా ఖాతాలో పడతాయి. ఇంటర్ చివరిదాకా వెంట వచ్చే ఆసరా కాబట్టే దీని గురించి ఇంత చెప్పాలనిపిస్తోంది. ఏడాదికి వచ్చే ఆ 12,000ను 307 రూపాయల కూలితో లెక్కిస్తే 39 రోజుల పని.

ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిది చదివేవాళ్లు రాయొచ్చు. గురుకులాలు, నవోదయ, కేంద్రీయ విద్యాలయాల పిల్లలకు, ప్రైవేటు బడుల పిల్లలకు వర్తించదు. కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. ఏడో తరగతిలో 55 శాతం మార్కులుండాలి, ఎస్సీ ఎస్టీలకు 50 చాలు. పరీక్షలో మెంటల్ ఎబిలిటీ 90 ప్రశ్నలు, పాఠ్యాంశాలు 90 ప్రశ్నలు, ఒక్కోదానికి 90 నిమిషాలు. మొత్తం 180లో 40 శాతం, అంటే 72 మార్కులు రావాలి. ఎస్సీ ఎస్టీలకు 32 శాతం. ఆ తర్వాత మెరిట్ వరుస. మెంటల్ ఎబిలిటీ ప్రశ్నలు బడి పుస్తకంలో ఉండవు. సంఖ్యల వరుసలు, బొమ్మల పోలికలు ముందెప్పుడూ చూడని పిల్ల అక్కడే గడియారం వైపు చూస్తుంది. ఏడో తరగతి వేసవి నుంచే వారానికి మూడు గంటలు చేయించగల టీచరు ఒక్కరున్నా ఆ బడి పేరు జాబితాలో కనిపిస్తుంది.

ఈ పథకం నిబంధనల్లో ఒక మలుపు తల్లిదండ్రులకు ముందే చెప్పాలి. పదిలో 60 శాతం మార్కులు వస్తేనే (ఎస్సీ ఎస్టీలకు 55) ఇంటర్‌లో స్కాలర్‌షిప్ కొనసాగుతుంది. అప్పుడు కూడా సర్కారు లేదా ఎయిడెడ్ కాలేజీలోనే చేరాలి. మంచి మార్కులు వచ్చాయని ప్రైవేటు కాలేజీ ఏజెంటు ఇంటికొచ్చి ఫీజు తగ్గిస్తామంటే సంబరపడి పంపిన ఇంట్లో, మిగిలిన 24,000 ఆగిపోతుంది. తగ్గించిన ఫీజు ఎంత, పోగొట్టుకున్నది ఎంత అని కూర్చుని లెక్క వేసి చెప్పే మనిషి ఆ జూన్ నెలలో ఆ గుమ్మంలో ఉండాలి.

సాయంత్రం అయిదు నుంచి ఏడు దాకా

చట్టం ఒక తలుపు మూసింది, మంచిదే. విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ ప్రకారం టీచర్లు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదు. పదహారేళ్లు నిండనివాళ్లను కోచింగ్ సెంటర్లు చేర్చుకోవద్దని 2024 జనవరిలో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. బడిలో చెప్పాల్సింది డబ్బు తీసుకుని ఇంట్లో చెప్పడం ఆగాలి. దాని బదులు సర్కారే తన ప్రాంగణంలో చెప్పించాలి.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో డిగ్రీ చదివే పిల్లలు వేలల్లో ఉన్నారు. వాళ్లలో లెక్కలు, సైన్సు చదువుతున్నవాళ్లను, ముఖ్యంగా ఇదే దారిన తండాల నుంచి వచ్చిన అమ్మాయిలను, మన ఊరి బాలసఖులుగా తీసుకోవచ్చు. నా లెక్క ఇలా ఉంది. ఇరవై మంది ఇంటర్ ఫస్టియర్ పిల్లలకు ఒక ట్యూటర్, నెలకు 3,000 రూపాయలు, ఎనిమిది నెలలకు 24,000. ఒక్కో పిల్లకు 1,200. నెలకు ఇరవై రోజుల చొప్పున 160 రోజులు 15 రూపాయల స్నాక్స్, 2,400. మొత్తం 3,600 రూపాయలు. పల్లెల్లో ఇంటర్ స్థాయి కోచింగ్ ఖర్చు సగటు 4,548 కన్నా ఇది తక్కువ. గదులు ఉన్నాయి, సాయంత్రం ఖాళీగా ఉంటాయి. లెక్చరర్లు ఏం చెప్పాలో వారానికొకసారి ట్యూటర్లకు దారి చూపాలి, నెలకొకసారి పిల్లలను పరీక్షించి గుంపులు మార్చాలి. ఇంటికి చేర్చే చివరి బస్సు సమయాన్ని బట్టి క్లాసు ముగియాలి. ఆడపిల్లల హాజరు దీని మీదే ఆధారపడుతుంది కాబట్టి డిపో మేనేజరుతో ముందే మాట్లాడుకోవాలి.

దీనికన్నా ముందు వాడుకోవాల్సిన కాలం ఇంకోటి ఉంది. పది పరీక్షలు అయిపోయాక ఇంటర్ తరగతులు మొదలయ్యేదాకా దాదాపు రెండు నెలలు పిల్లలు ఖాళీ. కొందరు పొలాలకు, మగపిల్లలు కొందరు హైదరాబాద్ పనులకు పోతారు. తిరిగి రానివాళ్లూ ఉంటారు. ఆ ఎండాకాలంలో పొద్దున ఏడు నుంచి పది దాకా నెల రోజులు నడిపే బ్రిడ్జి క్లాసులో బీజగణితం, గ్రాఫులు, సైన్సు ఇంగ్లిష్ మాటలు చెబితే చాలు. ఏ పిల్ల ఏ లెక్క దగ్గర ఆగిందో జూన్ మొదటి వారానికే కాలేజీకి తెలుస్తుంది. ఏ పిల్ల రావడం మానేసిందో కూడా అప్పుడే తెలుస్తుంది. ఆ పేర్లు పట్టుకుని తండాకు వెళ్లడానికి జూన్‌లోనైతే ఇంకా సమయం ఉంటుంది. నవంబరులో వెళితే ఆ పిల్ల పెళ్లి శుభలేఖ ఎదురు కావచ్చు.